ఒక్కో బండికి పది

పలాసలో ఒక ఫిజియోథెరపీ గదిలో, నవంబరు నెలలో ఒక ఉదయం, మా అప్ప తన జుట్టు తానే ముడివేసుకుంది. మా వైపు అక్కను అప్ప అంటాం. తాను ఆ పని చేసినట్టు ఆమెకే తెలియదు. గోడ దగ్గర నిలబడి వేళ్ళను మెల్లగా పైకి పాకిస్తోంది. ముడి జారి జుట్టు మెడ మీద పడింది, ఫ్యాను గాలికి ముఖం మీదికి వచ్చింది. ఆమె విసుక్కుని గోడ మీంచి చెయ్యి తీసి, రెండు చేతులూ తల వెనక్కి పోనిచ్చి, జుట్టును రెండు మెలికలు తిప్పి ముడి బిగించి, మళ్ళీ గోడ వైపు తిరిగింది.

పుస్తకంలో ఏదో రాసుకుంటున్న ఫిజియోథెరపిస్టు కలం ఆపేసింది. పక్క మంచం మీద నడుముకు వేడి సంచి పెట్టుకుని బోర్లా పడుకున్న భావనపాడు పడవ మనిషి తల ఎత్తాడు. మొదట మాట్లాడింది అతనే.

"అప్పా, ఇప్పుడేటి సేసినావు?"

"ఏటి సేసినాను? జుత్తు పడిపోతంటే ముడేసుకున్నాను."

"ఏ సేత్తో?"

అప్ప తన కుడిచేతిని చూసుకుంది. ఎవరిదో చెయ్యి తన ఒళ్ళో పెట్టినట్టుగా చూసుకుంది. తర్వాత పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు. "మా కోడలు బిగించి కట్టేసేది. తలకాయ నొప్పెట్టేది. ఏటంటాం?" అంది. గదిలో ఉన్న నలుగురమూ నవ్వాం. నాకైతే చాలా రోజులుగా గుండెల మీద ఉన్న బరువును ఎవరో దించి పక్కన పెట్టినట్టయింది.

ఆమె పడింది ఏప్రిల్‌లో. పలాస చుట్టుపక్కల మా ఉద్దానంలో అది జీడిపిక్కల కాలం. తెల్లవారకముందే తోటలోకి వెళ్ళి, చెట్ల కింద రాలిన పళ్ళ నుంచి పిక్క మెలితిప్పి తీసి బుట్టలో వేసుకుంటూ పోతారు. పిక్క తీసిన పండు అక్కడే పడి కుళ్ళుతుంది. ఇసుక నేల మీద అలాంటి పండు ఒకటి ఆమె కాలి కింద పడింది. సబ్బు మీద జారినట్టు జారి, కుడిచెయ్యి కిందపెట్టి పడింది. బుట్టలో పిక్కలు ఒలికిపోతే ఎడమచేత్తో అన్నీ ఏరుకున్న తర్వాతే ఇంటికి నడిచింది.

టెక్కలిలో ఎక్స్‌రే తీశారు. భుజానికి కాస్త కింద ఎముక చిట్లింది. పక్కకు జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదని, మెడకు పట్టీ వేసి చెయ్యి వేలాడదీసుకుని, మూడు వారాల తర్వాత మళ్ళీ వస్తే కొంచెం కొంచెంగా కదిలించడం మొదలుపెడదామని డాక్టరు చెప్పాడు.

ఆమె వెళ్ళలేదు. ఆ మూడు వారాల్లో చూడడానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో కథ చెప్పి పోయారు. ఎవరో తొందరపడి కట్టు విప్పితే ఎముక వంకరగా అతికిందట, ఇంకెవరికో నీళ్ళ బిందె ఎత్తితే అతికింది ఊడిందట. "కదిపితే ఊడిపోద్ది" అన్న మాట ఆమెకు బాగా నచ్చింది. ఆ చెయ్యిని దాదాపు మూడు నెలలు ఒంటికి అంటిపెట్టుకుని ఉంచింది. పట్టీ చిరిగిపోతే పాత చీర ముక్కతో కట్టుకుంది. నేను వెళ్ళినప్పుడల్లా, "మళ్ళీ ఒకసారి డాక్టరుకి చూపిద్దాం" అనేవాణ్ణి. "అతకనీ రా, ఆత్రమేటి?" అనేది. నేనూ అంత గట్టిగా పట్టుబట్టలేదు.

జూలైలో కట్టు విప్పితే చెయ్యి పైకి లేవలేదు. భుజం ఎత్తు వరకు కూడా రాలేదు. పమిట సర్దుకోవడం, దండెం మీద బట్ట వెయ్యడం, అటకమీంచి డబ్బా దించడం, అన్నీ ఎడమచేతివే అయ్యాయి. అన్నం చెంచాతో ఎడమచేత్తో తినేది. పరాయివాళ్ళ ముందు అలా తినడానికి సిగ్గుపడి గోడవైపు తిరిగి కూర్చునేది. కుడివైపు ఒత్తిగిలి పడుకుంటే నొప్పి, కదిలితే నొప్పి.

మళ్ళీ టెక్కలి తీసుకువెళ్ళాను. ఎముక ఎప్పుడో అతికిందని డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. అతకనివ్వాలని ఆమె ఓపిక పట్టిన రోజుల్లోనే భుజం కీలు బిగుసుకుపోయింది. ఆమె కుటుంబం సంగతి అడిగి తెలుసుకుని రక్తపరీక్ష కూడా రాశాడు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఉండవలసిన దానికంటే కొద్దిగా పైన ఉంది. "కంగారు పడాల్సినంత లేదు. కానీ నొప్పి బిళ్ళలు మాత్రం వద్దు. షాపులో అడిగితే ఇచ్చేవి అసలే వద్దు" అని చెప్పి, మరీ ఓర్చుకోలేనప్పుడు వేసుకోవడానికి ఒక్క రకం మందు మాత్రం రాశాడు. దాని కింద ఫిజియోథెరపీ అని రాశాడు.

క్రియాటినిన్ అనే మాట మా ఊళ్ళలో చదువురాని వాళ్ళకు కూడా తెలుసు. పెళ్ళిలో కలిసినా, సంతలో కలిసినా "నీకెంతుంది?" అని అడుగుతారు. మా బావ కిడ్నీ జబ్బుతో పోయాడు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు అతన్ని ఆటోలో కూర్చోబెట్టుకుని తీసుకువెళ్ళి తీసుకువచ్చింది అప్పే. మూడేళ్ళపాటు. అందుకే ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద ఆమె ఆగిపోయింది.

"నొప్పి తగ్గాలంటే బిళ్ళెయ్యాల. బిళ్ళేత్తే మీ బావ దారి. నానేటి సెయ్యాల్రా?"

నేను చాలా ఏళ్ళు ఒక దినపత్రికకు ఈ ప్రాంతం వార్తలు రాశాను. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఎన్ని వార్తలు పంపానో లెక్క పెట్టుకోలేదు. మంచినీళ్ళ పథకం, డయాలసిస్ పడకలు, వచ్చిన నిపుణులు, వెళ్ళిన నాయకులు. చావు, హామీ, ఈ రెండిటిలో ఏదో ఒకటి ఉంటే జిల్లా పేజీలో చోటు దొరికేది. పిక్కలు ఏరే మనిషికి, వల లాగే మనిషికి సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భుజమో నడుమో నొప్పెడితే ఏం చేస్తారని నేను ఎవరినీ అడగలేదు. ఏం చేస్తారో తెలుసు కాబట్టి అడగలేదేమో. షాపుకు పోతారు, బిళ్ళ అడుగుతారు, మింగి మర్నాడు పనిలోకి వెళ్తారు.

ఫిజియోథెరపీ గది కాశీబుగ్గ సందులో, ఒక బట్టల దుకాణం వెనక ఉంటుంది. రెండు మంచాలు, మధ్యలో తెర, తలుపు పైన కప్పీకి వేలాడే తాడు, గోడకు బిగించిన ఒక చక్రం, అంతే సరంజామా. నడిపే ఆమెకు ముప్ఫై ఏళ్ళుంటాయి. ఇచ్ఛాపురం వైపు మనిషి. ఫోనులో ఇంటివాళ్ళతో ఒడియాలో మాట్లాడి, పెట్టేసి, అదే ఊపులో మాతో తెలుగు మాట్లాడుతుంది. అప్ప మొదటిరోజే ఆమెను డాక్టరుపాప అంది. ఆ అమ్మాయి, "నేను మందులిచ్చే డాక్టర్ని కాదమ్మా" అని రెండుసార్లు చెప్పి ఊరుకుంది.

మొదటిరోజు అప్పను గోడ దగ్గర నిలబెట్టి, కుడిచేతి వేళ్ళు ఎంతవరకు పాకితే అక్కడ పెన్సిలుతో గీత గీసింది. గీత ఆమె గడ్డం కిందే ఆగింది.

"ఇప్పుడు నొప్పి పదికి ఎంత ఉందమ్మా?"

"నొప్పికి మార్కులేటి పాపా?"

"ఉజ్జాయింపుగా చెప్పండి."

"పన్నెండు ఎయ్యు."

తర్వాత ఆ అమ్మాయి మంచం అంచున కూర్చుని విషయం నెమ్మదిగా చెప్పింది. నొప్పులన్నీ ఒకటి కావు. బిగుసుకున్న కీలు సాగేటప్పుడు ఒక నొప్పి వస్తుంది, దానికి భయపడి ఆగిపోతే కీలు ఇంకా బిగుసుకుంటుంది. కానీ వ్యాయామం ఆపిన అరగంటలో ఆ నొప్పి మళ్ళీ ముందున్నంతకు దిగాలి. దిగకుండా మర్నాటి వరకూ ఉంటే మోతాదు మించిందన్నమాట. "మీ నొప్పే మనకు కొలబద్ద. బిళ్ళతో దాన్ని నొక్కేస్తే ఎక్కడ ఆగాలో మనకు తెలియదు" అంది. ఈ మాట నేను ఇంటికి వచ్చాక రాసిపెట్టుకున్నాను. అలవాటు.

వేడి కాపడం పెట్టి, భుజాన్ని తన రెండు చేతులతో పట్టుకుని చిన్నచిన్నగా కదిలించింది. ఇంటి దగ్గర చేసేవి నాలుగు నేర్పింది. ఎడమచేత్తో బల్ల పట్టుకుని ముందుకు వంగి కుడిచేతిని గంట ఊగినట్టు ఊపడం, గోడ మీద వేళ్ళు పాకించడం, వెల్లకిలా పడుకుని కర్రను రెండు చేతులతో పట్టుకుని తల మీదికి తీసుకుపోవడం, తలుపుకు కట్టిన తాడును ఎడమచేత్తో లాగుతూ కుడిచేతిని లేపడం. ఒక్కోటి పదిసార్లు. రోజుకు అయిదు దఫాలు. వారానికి రెండు రోజులు గదికి రావాలి.

అప్ప ఊరు సుమ్మాదేవి స్టేషనుకు దగ్గర. ఆటో గుంతల్లో ఎగిరితే భుజం నొప్పెడుతుందని పాసింజరు బండిలో వచ్చేది. నేను పలాస స్టేషనులో స్కూటరు మీద ఎక్కించుకుని గదికి తీసుకువెళ్ళి, మళ్ళీ బండి ఎక్కించేవాణ్ణి. మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారంలో భుజం వాచింది. చెయ్యి ముందున్నంత కూడా లేవలేదు. ఆ అమ్మాయి కదలికలు తగ్గించి, ఐసు పెట్టి పంపింది. కారణం ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అప్ప ఫోను చేసింది. చర్చిలో పాటల పుస్తకం పట్టుకోలేకపోయానని, మధ్యలోనే లేచి వచ్చేశానని చెప్పింది. ఆమె ఆరాధన మధ్యలో లేచి రావడం మా అమ్మ పోయిన రోజు తర్వాత అదే మొదటిసారి. "ఓర్సుకోలేకపోతన్నాన్రా. డాక్టరు రాసిన బిళ్ళ ఏసినాను, ఏటీ తగ్గలేదు. ఏదైనా పట్రా" అంది.

బిళ్ళల అట్ట కొన్నది నేనే. షాపతన్ని "నొప్పికి గట్టిది ఇవ్వు" అని అడిగింది నా నోరే. స్కూటరు మీద వెళ్ళి ఇచ్చాను. నా ముందే ఒకటి వేసుకుంది, సాయంత్రం ఇంకొకటి. గంటలో ఆమె ముఖం తేటపడింది. అన్నం తిన్నది. నేను తృప్తిగా ఇంటికి వచ్చాను. కిడ్నీ మీద నొప్పి బిళ్ళల ప్రభావం గురించి నేనే ఒకప్పుడు బాక్సు కట్టి వార్త ఇచ్చానన్న సంగతి ఆ పూట గుర్తుకు రాలేదని చెప్తే అది అబద్ధం. గుర్తుకొచ్చింది. రెండు బిళ్ళలకు ఏమవుతుందిలే అనుకున్నాను.

సోమవారం గదికి వెళ్ళగానే ఆ అమ్మాయి వాపు చూసి, అప్పను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇంటి దగ్గర ఎలా చేస్తున్నారో చెప్పండమ్మా."

"నువ్వు సెప్పినట్టే. ఒక్కోటి రోజుకి యాభై."

"పదేసి అయిదుసార్లు కదా?"

"యాభయ్యే గదా. పొద్దున్నే కూకుని ఏకంగా కొట్టీసేదాన్ని. ఆపైన రోజంతా కాలీ."

"నొప్పి ఆదివారం మరీ ఎక్కువైందన్నారు. శనివారం కూడా అంతేనా?"

అప్ప కొంచెం తటపటాయించింది. "శనివారం నూరు."

"నూరెందుకమ్మా?"

"ఆదివారం పని సెయ్యను గదా పాపా. సిన్నప్పట్నుంచీ సెయ్యలేదు. అందుకని ఆదివారానివి కూడా శనివారమే కొట్టీసినాను."

తెర వెనక నుంచి పడవ మనిషి నవ్వు వినిపించింది. "డాక్టరమ్మా, అప్పకి ఓవర్‌టైం కట్టాల."

"ఇది పని కాదమ్మా, వైద్యం" అంది ఆ అమ్మాయి.

"సెమట పడతంది. పని కాపోతే ఏటి?"

ఆ అమ్మాయికి కోప్పడాలో నవ్వాలో తెలియలేదు. నాకు మాత్రం అంతా అర్థమైంది. అప్ప పాతికేళ్ళు పలాస జీడి ఫ్యాక్టరీలో చేసింది. తోటపని లేని నెలలన్నీ అక్కడే. కాలితో తొక్కి చేత్తో మీట లాగే కటింగు మిషను దగ్గర, కిలోల లెక్క మీద. అక్కడ గంటల లెక్క లేదు. ఎంత తొందరగా కొడితే అంత. పొద్దున్నే ఎక్కువ కొట్టేస్తే మధ్యాహ్నం ఇంటికి పోవచ్చు, పిల్లకు జ్వరమున్న రోజు ఒక పూట మిగుల్చుకోవచ్చు. అందులో ఆదివారం కోసం శనివారం రెట్టింపు కొట్టడం మా చర్చి ఆడవాళ్ళందరి అలవాటు. చేతికి ఇచ్చింది ఏదైనా సరే, ముందు ముగించి తర్వాత ఊపిరి పీల్చుకోవడం ఆమెకు తెలిసిన పద్ధతి. పదేసి అయిదుసార్లు అంటే ఆమె చెవికి యాభై అనే వినిపించింది. మధ్యలో వచ్చే విరామం కూడా వైద్యంలో భాగమేనని ఆమెకెవరూ చెప్పలేదు, ఆ అవసరం ఉంటుందని ఆ అమ్మాయికీ తోచలేదు.

"నొప్పికి ఏమైనా వేసుకున్నారా?"

అప్ప చీర కొంగులోంచి అట్ట తీసి ఇచ్చింది. ఆ అమ్మాయి దాన్ని తిప్పి వెనక అక్షరాలు చదివింది.

"ఇది ఎవరు తెచ్చారు?"

"మా తమ్ముడు."

ఆమె నావైపు చూసింది. "మీరు పేపరుకి రాసేవారట కదా సార్" అంది. అట్టను తన సొరుగులో పెట్టేసుకుని, టెక్కలి డాక్టరుకు ఫోను చేసింది. వారం ఆగి మళ్ళీ రక్తపరీక్ష చేయించమని, ఈలోగా ఇంకేమీ మింగవద్దని ఆయన చెప్పాడు.

ఆ వారంలో నేను రెండుసార్లు అప్ప ఇంటికి వెళ్ళాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. బావ రిపోర్టులు పెట్టిన ప్లాస్టిక్ సంచి మంచం కింద నుంచి తీసింది గానీ, తన రక్తపరీక్ష కాగితాన్ని అందులో పెట్టలేదు, విడిగా బైబిలులో పెట్టుకుంది.

వ్యాయామాలు మాత్రం ఆగలేదు. సోమవారం నాడే, వాపు తగ్గేవరకు చెయ్యి ఊపడం ఒక్కటే చెయ్యమని చెప్పి, ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న అడిగింది.

"ఫ్యాక్టరీలో మీరు ఎప్పుడైనా పొట్టు తీశారా అమ్మా?"

"తియ్యకేం. మిషను దగ్గర సోటు లేనప్పుడు పొట్టు కాడ కూకోబెట్టేవారు."

"అదీ మిషను లాగే తొందరగా తీసేవారా?"

"పొట్టా? పొట్టు అలా తీత్తే పప్పు ఇరిగిపోద్ది. బద్దలైపోద్ది. అది ఎటు ఒదిలితే అటే లాగాల, ఒదలకపోతే పక్కనెట్టి ఇంకోటి తీసుకోవాల." చెప్తూ చెప్తూ అప్ప ఆగి, ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. "ఇదీ అంతేనేటి?"

"ఇదీ అంతే."

"ఆ ముక్క మొదట్లోనే సెప్పొచ్చు గదా. నువ్వు లెక్కలు సెప్పినావు."

ఆ అమ్మాయి ఒప్పుకుంది. తర్వాత ఏయే వేళల్లో చెయ్యాలో రాసి ఇస్తానంటే అప్ప వద్దంది. వాళ్ళింట్లో గడియారం ఆగి చాలా కాలమైంది. "గడియారమెందుకు? బళ్ళున్నాయి గదా" అంది. వాళ్ళ పెరట్లోంచి రైలు కట్ట కనిపిస్తుంది. పొద్దున్న ఏది వెళ్తుందో, ఏది పలాసలో ఆగుతుందో, ఏది ఆగకుండా ఇటే దూసుకుపోతుందో కూత విని చెప్తుంది. ఆ అమ్మాయికి ఈ ఆలోచన నచ్చింది. ఇద్దరూ కూర్చుని రోజు మొత్తంలో ఎడంగా ఉన్న అయిదు బళ్ళు ఎంచారు. ఒక్కో బండికి పది. బండి వెళ్ళకుండా చెయ్యకూడదు, వెళ్ళిన బండికి రెండోసారి చెయ్యకూడదు. రాబోయే బండిని ముందుగా లాక్కురావడం ఎవరి తరమూ కాదు కాబట్టి, ముందే కొట్టేసే వీలు లేకుండా పోయింది.

"ఆదివారం?" అని అడిగాను నేను.

"బళ్ళకి ఆదివారమేటి?" అన్నాడు తెర వెనక మనిషి.

అప్పకు అది చాలలేదు. పాస్టరుగారిని అడిగింది. జబ్బు చేతిని బాగుచేసుకోవడం విశ్రాంతి దినంలో తప్పెలా అవుతుందమ్మా అని ఆయన అన్నాక మనసు కుదుటపడింది. కుదుటపడ్డాక కొత్త చిక్కు వచ్చింది. ఒకరోజు పదకొండు గంటలకు నాకు ఫోను.

"ఒరే, మద్రాసు బండి ఇంకా రాలేదు. లేటంట. ఇప్పుడు సెయ్యాలా, ఆగాలా?"

ఫోనులో రైలు ఎక్కడుందో చూసి, గంటన్నర ఆలస్యమని చెప్పాను. "ఆగుతాను" అంది. ఆ సంగతి గదిలో చెప్తే ఆ అమ్మాయి, ఆలస్యమైతే ఆగడంలో తప్పులేదు గానీ రెండు బళ్ళు ఒకేసారి వస్తే మాత్రం ఒకదానికే చెయ్యమని చెప్పింది.

వారం తర్వాత టెక్కలి వెళ్ళాం. రక్తం ఇచ్చి, రిపోర్టు వచ్చేవరకు ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. కాగితం చేతికి రాగానే నేను అంకె చూసి, దాన్ని తీసుకుపోయి డాక్టరు ముందు పెట్టాను. ఆయన పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసి, "అలాగే ఉందమ్మా. పెరగలేదు. ఇంకెప్పుడూ అలా వేసుకోకండి" అన్నాడు. అప్ప మెట్లు దిగి, "ఆకలేత్తంది" అంది. బస్టాండు ఎదురుగా హోటల్లో నాలుగు ఇడ్లీలు తిన్నది. ఎడమచేత్తోనే తిన్నది గానీ గోడవైపు తిరగలేదు.

అక్కడి నుంచి పని సాఫీగా నడిచింది. సాఫీగా అంటే తొందరగా అని కాదు. సెప్టెంబరంతా గోడ మీద గీతలు బియ్యపుగింజ ఎడంతో పైకి జరిగాయి. ఒక్కో వారం అసలు జరగలేదు. జరగని వారం అప్ప దిగులుపడితే ఆ అమ్మాయి, "పక్కన పెట్టి ఇంకోటి తీసుకుందాం" అని ఆ వ్యాయామం వదిలి వేరేది మొదలుపెట్టేది. నొప్పి మార్కులు పన్నెండు నుంచి ఎనిమిదికి, అయిదుకు దిగాయి. మూడు అయినరోజు అప్ప, "సున్నా ఎప్పుడొస్తాది?" అని అడిగింది. "రాకపోవచ్చమ్మా. మీరు నొప్పిని చూసి ఆగిపోకుండా, దాన్ని రెచ్చగొట్టకుండా పని చేసుకోగలిగితే చాలు" అంది ఆ అమ్మాయి. నాకు ఆ నిజాయితీ నచ్చింది.

భావనపాడు మనిషి కథ వేరు. పడవ ఒడ్డుకు లాగుతూ నడుం పట్టేసిన మనిషి అతను. ఎడమకాలు తిమ్మిరెక్కేది. వచ్చిన కొత్తలో, "బాగా పిసికి ఒగ్గీండి సాలు, ఈ ఎగరడాలు మా వొంటికి పడవు" అనేవాడు. అప్ప బళ్ళ లెక్క మొదలైన తర్వాత అతనికి రోషం వచ్చింది.

"అరవైకి దగ్గరైన ఆడమనిషి సేత్తంది. నీకేటి రోగం బావా?" అన్నాను ఒకసారి, అతనితో సరదాగా వరస కలుపుతూ.

"మాకు బళ్ళు లేవు గదా బావా."

"కెరటాలు లేవా?" అంది అప్ప, గోడ మీంచి చూపు తిప్పకుండా.

అతను ఏం లెక్క పెట్టుకున్నాడో తెలియదు. దసరా తర్వాత కాలి తిమ్మిరి తగ్గిందన్నాడు. నడుం వంచి లాగకుండా మోకాళ్ళు వంచి లాగడం నేర్చుకున్నాడు. పడవ దగ్గర మిగతావాళ్ళు ఆడపిల్లలా కూర్చుని లాగుతున్నావని ఎగతాళి చేస్తున్నారట. "ఎక్కిరించనీ. రేపు ఆళ్ళ నడుములు పట్టేత్తే ఈ గదికే వత్తారు" అన్నాడు.

నవంబరులో జుట్టు ముడి సంగతి మొదటే చెప్పాను. ఆరోజు ఆ అమ్మాయి గోడ మీద ఆఖరి గీత గియ్యడానికి స్టూలు వేసుకోవలసి వచ్చింది. డిసెంబరు నుంచి గదికి రావడం పదిహేను రోజులకు ఒకసారి చేసింది. అప్ప మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్తోంది. కటింగు మిషను ఇక వద్దన్నారు, పొట్టు తీసే బల్ల దగ్గర కూర్చుంటోంది. మొదటివారం సాయంత్రాలు భుజం లాగితే ఆమె బిళ్ళ అడగలేదు, వేడి నీళ్ళ గుడ్డ పెట్టుకుని, చెయ్యి ఊపుకుని, నాకు ఫోను చేసి "అరగంటలో దిగిపోయింది" అని చెప్పింది. పక్కన కూర్చునే ఆడవాళ్ళలో ఇద్దరికి చెయ్యి ఊపడం నేర్పిందట. వాళ్ళిద్దరికీ నేను చెప్పిన మాట ఒక్కటే, ముందు డాక్టరుకు చూపించుకుని, తర్వాత ఆ గదికి వెళ్ళమని.

ఇప్పుడు మూడు నెలలకు ఒకసారి రక్తం ఇస్తున్నాం. మొన్న ఇచ్చినప్పుడు కూడా అంకె పెరగలేదు, తగ్గనూ లేదు. అసలు మొదటిసారి అది పైన ఎందుకు ఉందని డాక్టరును అడిగాను. ఈ ఊళ్ళ నీళ్ళ మీద, ఎండలో పని మీద, పొలం మందుల మీద అనుమానాలు ఉన్నాయని, ఆమె విషయంలో కారణం ఏమిటో తనకు తెలియదని ఆయన చెప్పాడు.